బండి పడింది స్టాండ్ మీద ఉండగా కాదు, దించేటప్పుడు

52 ఏళ్ల పాఠకుడొకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. దాని సారాంశం ఇది. ఆరేళ్లుగా ఆయన తన మోటార్‌సైకిల్ పనులు ఇంటి పార్కింగులోనే చేసుకుంటున్నారు. నెలకు రెండుసార్లు చైన్ కడిగి ఆయిల్ పెడతారు, ఇంజిన్ ఆయిల్ మారుస్తారు, బ్రేక్ ప్యాడ్లు వేసుకుంటారు, టైరు మార్పించాల్సి వస్తే వెనక చక్రం విప్పుతారు. బండి బరువు 185 కిలోలు. సెంటర్ స్టాండ్ లేదు. రబ్బరు ప్యాడ్లున్న పాడక్ స్టాండ్‌తో (వెనకనుంచి పెట్టి హ్యాండిల్ కిందికి నొక్కితే బండిని లేపే చిన్న చక్రాల చట్రం) వెనక భాగాన్ని ఎత్తుతారు. రెండు నెలల కిందట చైన్ పని ముగించి ఒక్కరే దించుతుంటే బండి కుడిపక్కకు పడిపోయింది. బ్రేక్ లివర్ విరిగింది, ఫుట్‌పెగ్ వంగింది, ఆయన కాలికి చీలమండ పైన దెబ్బ తగిలింది. నడుము డిస్క్ సమస్య ముందునుంచీ ఉంది. బరువులు ఎత్తవద్దని డాక్టరు చెప్పారు. ఆ స్టాండ్ ఇక ఇంట్లో ఉండకూడదని భార్య అంటున్నారు. బండిని బల్ల మీదికెక్కించి పైకెత్తే హైడ్రాలిక్ టేబుల్ లిఫ్ట్ కొంటే గొడవే ఉండదని బావమరిది అంటున్నారు. 19 ఏళ్ల కూతురు తాను సాయం పడతానని, పని కూడా నేర్చుకుంటానని వెంటపడుతోంది. ఆమె పక్కన ఉండగా బండి పడితే ఏమవుతుందోనని ఈయన భయం. పని చేసే చోటు రెండున్నర మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు. కింద నున్నటి టైల్స్, గేటు వైపు కాస్త వాలు. ఇంజిన్ కింద పెట్టి కత్తెరలా తెరుస్తూ లేపే సిజర్ జాకీ కూడా చూశారట. ఏది కొనాలి, అసలు ఈ పనులే మానేయాలా, కూతురిని దగ్గరికి రానివ్వాలా అని అడుగుతున్నారు.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం ఒకటుంది. "బండి వెనక నిలబడి రెండు చేతులతో స్టాండ్ హ్యాండిల్ పైకి లేపాను, టైరు నేలకు తగిలింది, అంతే." మొదట ఈ క్షణంలో ఏం జరిగిందో చూడాలి. అది తేలకుండా ఎంత మంచి స్టాండ్ కొన్నా మళ్లీ అదే జరగొచ్చు.

పాడక్ స్టాండ్ మీద నిలిచి ఉన్నప్పుడు బండికి మూడు ఆసరాలు ఉంటాయి: ముందు టైరు, స్టాండ్ ఎడమ చెయ్యి, కుడి చెయ్యి. దించేటప్పుడు వెనక టైరు నేలను తాకుతుంది, స్టాండ్ చేతులు స్వింగార్మ్‌ను (వెనక చక్రాన్ని ఫ్రేముకు కలిపి మోసే భాగం) వదిలేస్తాయి. ఈ రెంటికీ మధ్య అర సెకను పాటు బండి రెండు టైర్ల మీద నిట్టనిలువుగా ఉంటుంది. అప్పుడు దాన్ని పట్టుకుని ఉండాల్సింది మనిషి చెయ్యి ఒక్కటే. మీ రెండు చేతులూ హ్యాండిల్ మీద ఉన్నాయి. సైడ్ స్టాండ్ వేసి ఉన్నా అది ఎడమకు ఒరిగిన బండినే ఆపగలదు, కుడికి ఒరిగిన దానిని కాదు. నేల కుడివైపుకు వేలెడంత వాలి ఉన్నా చాలు. మీ నేల గేటు వైపుకే వాలిందని రాశారు గానీ పార్కింగుల్లో నీళ్లు పోవడానికి పక్కవాటు వాలు కూడా చాలాసార్లు పెడతారు. ఒక గోళీ వేసి చూడండి, ఎటు దొర్లుతుందో తెలుస్తుంది.

ఇంకొకటి కూడా చూడండి. స్టాండ్ ఎడమ రబ్బరు ప్యాడ్ నల్లగా, నిగనిగలాడుతూ ఉంటే అది చైన్ ఆయిల్. చైన్ ఎడమవైపే ఉంది కాబట్టి స్ప్రే తుంపర్లు స్వింగార్మ్ అడుగుకు, అక్కడినుంచి ప్యాడ్‌కు అంటుకుంటాయి. కుడి ప్యాడ్ పొడిగా పట్టుకుని ఉంటుంది, ఎడమది ముందుగా జారుతుంది. దించేటప్పుడు స్టాండ్ ఎడమ చెయ్యి ముందు వదిలేసి, దాని కుడి చెయ్యి ఇంకా పట్టి ఉంటే బండి వెనక భాగం మెలి తిరుగుతుంది. మీ బండి పడటానికి ఇదీ తోడై ఉండొచ్చు. ఇందులో మీ నడుము బలహీనత గానీ వయసు గానీ కారణం కాదు. మీ చేతులు తప్పు చోట ఉన్నాయి, ప్యాడ్లు ఈ పనికి సరిపోలేదు. రెండూ సరిచేయగలిగినవే.

స్టాండ్ల సంగతికి వెళ్లేముందు మీరు చేసే పనుల్ని ఒక్కోటిగా చూద్దాం. ఎందుకంటే మీ జాబితాలో సగం పనులకు బండి ఎత్తాల్సిన అవసరమే లేదు. బ్రేక్ ప్యాడ్లు సైడ్ స్టాండ్ మీదే మార్చవచ్చు, వాటిని పట్టుకుని ఉండే కాలిపర్ బోల్టులు విప్పితే చాలు. ఇంజిన్ ఆయిల్ దింపడానికీ సైడ్ స్టాండ్ చాలు, చివర్లో ఒకసారి బండిని నిటారుగా పట్టుకుంటే మిగిలిన నూనె కూడా కారుతుంది. ఆయిల్ లెవెల్ చూడటానికైతే పాడక్ స్టాండ్ పనికిరాదు కూడా. వెనక భాగం లేచి ముక్కు కిందికి వంగుతుంది కాబట్టి సైట్ గ్లాసులో (ఆయిల్ మట్టం కనబడే గాజు కిటికీ) గీత తప్పు చూపిస్తుంది. సమతలం మీద, రెండు చక్రాలూ నేల మీద ఉండగా, మాన్యువల్ చెప్పిన పద్ధతిలో చూడాలి.

మిగిలినవి రెండు: చైన్, వెనక చక్రం. చైన్ పని నెలకు రెండుసార్లు, చక్రం పని ఏడాదికో రెండేళ్లకో ఒకసారి. ఈ రెండు పనులకూ ఒకే స్టాండ్ కావాలని ఎక్కడా లేదు.

చైన్ పనికి బండి ఎత్తకుండానే దారి ఉంది. మీ వెనక స్ప్రాకెట్‌కు, అంటే చైన్ చుట్టుకునే పళ్ల చక్రానికి, 42 పళ్లు, చైన్‌కు 114 లింకులు ఉన్నాయనుకుందాం. చక్రం ఒక్క చుట్టు తిరిగితే 42 లింకులు కదులుతాయి. మొత్తం చైన్ చేతికి రావాలంటే దాదాపు 2.7 చుట్లు కావాలి. టైరు చుట్టుకొలత సుమారు రెండు మీటర్లు. అంటే బండిని అయిదున్నర మీటర్లు తోయాలి. మీ రెండున్నర మీటర్ల చోటులో అది కుదరదు. అందుకే వెనక చక్రం కింద పెట్టే రోలర్లు మీకు చాలా పనికొస్తాయి. గట్టి చట్రంలో బేరింగుల మీద తిరిగే రెండు గొట్టాలు, అంతే. వెనక టైరును వాటి మధ్యకు నెడితే చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. బండి సైడ్ స్టాండ్ మీదే ఉంటుంది, ఎత్తేదీ దించేదీ ఉండదు, నడుముకు పని పడదు.

రోలర్లతో రెండు జాగ్రత్తలు. వెనక చక్రం రెండు మూడు సెంటీమీటర్లు లేస్తుంది కాబట్టి సైడ్ స్టాండ్ పొట్టిదైపోయినట్టవుతుంది, బండి మామూలు కన్నా ఎక్కువ ఎడమకు వాలుతుంది. సైడ్ స్టాండ్ పాదం కింద ఒకటిన్నర రెండు సెంటీమీటర్ల చెక్క ముక్క పెడితే సరిపోతుంది. అది జారకుండా కింద పాత ట్యూబు రబ్బరు ముక్క అంటించండి. రెండోది, వెనక చక్రం స్వేచ్ఛగా తిరుగుతున్నప్పుడు గేరు బండిని ఆపలేదు, న్యూట్రల్‌లో పెట్టకుండా చక్రం తిరగదు. కాబట్టి ముందు బ్రేక్ లివర్‌ను హ్యాండిల్‌కు కలిపి వెల్క్రో పట్టీతోనో మందపాటి రబ్బరుతోనో బిగించి కట్టాలి. ముందు చక్రానికి ముందూ వెనకా దొర్లకుండా అడ్డు చెక్కలు పెట్టాలి.

ఇక్కడే ఒక మాట కూతురికి కూడా గట్టిగా చెప్పండి. పని త్వరగా అవుతుందని ఇంజిన్ నడుపుతూ, గేరులో చక్రం తిప్పుతూ చైన్ తుడిచేవాళ్లు ఉన్నారు. గుడ్డ చివర చైన్‌లో చిక్కితే వేలు స్ప్రాకెట్ పళ్ల మధ్యకు వెళ్లిపోతుంది, చెయ్యి లాక్కోవడానికి సమయం ఉండదు. ఇంజిన్ ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకుని, చక్రాన్ని చేత్తోనే తిప్పాలి. చక్రాన్ని ఒక చేత్తో టైరు పైభాగం దగ్గర పట్టుకుని తిప్పండి. బ్రష్ ఉన్న చెయ్యి చైన్ కింది వరస దగ్గర, రెండు స్ప్రాకెట్లకూ దూరంగా, మధ్యలో ఉండాలి. చక్రం ఆగాకే గుడ్డ వేయాలి.

ఇక చక్రం విప్పడం. దీనికి బండి వెనక భాగం గట్టిగా నిలవాలి, ఇక్కడ రోలర్లు పనికిరావు. మీ ముందు ఉన్న దారుల్లో మొదటిది, మీ దగ్గరున్న స్టాండ్‌నే మార్చుకోవడం. చాలా పాడక్ స్టాండ్లకు రబ్బరు ప్యాడ్లు తీసేసి వి ఆకారపు కప్పులు బిగించుకునే వీలుంటుంది. స్వింగార్మ్‌కు రెండు వైపులా, ఇరుసుకు కాస్త ముందు, మరలున్న రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. చాలాసార్లు ప్లాస్టిక్ మూతలు పెట్టి ఉంటాయి. వాటిలోకి స్పూల్స్ అనే గుండ్రటి దిమ్మలు బిగుస్తాయి. కప్పులు ఆ దిమ్మల గాడిలో కూర్చుంటాయి కాబట్టి పక్కకు జారడమనేది ఉండదు.

మర సైజు బండిని బట్టి ఎం6, ఎం8, ఎం10 ఉంటుంది. ఊహించి కొనకండి. మాన్యువల్లో చూడండి, లేదా ఆ సైజు బోల్టు తీసుకుని వేళ్లతోనే తిప్పి చూడండి. నాలుగైదు చుట్లు తేలిగ్గా వెళ్తే అదే సరైనది, రెండో చుట్టుకే బిగుసుకుంటే ఆపేయండి. స్వింగార్మ్ అల్యూమినియమైతే మర చెడితే బాగుచేయడం పెద్ద పని. బోల్టు పొడవు కూడా చూడాలి. రంధ్రం లోతు కన్నా పొడవైతే అది అడుగున తగిలి బిగిసినట్టు అనిపిస్తుంది, స్పూల్ మాత్రం వదులుగానే ఉంటుంది. మీ బండికి రంధ్రాలు లేకపోతే స్వింగార్మ్‌కు డ్రిల్లు పెట్టించవద్దు. అది బండి బరువంతా మోసే భాగం. కొన్ని బళ్లకు చైన్ అడ్జస్టర్ దగ్గర బిగించే స్పూల్ ప్లేట్లు వస్తాయి, అవి దొరక్కపోతే ఈ దారి మీకు లేనట్టే అనుకుని కింద చెప్పే సెంటర్ స్టాండ్ వైపు చూడండి.

నడుము సంగతి లెక్క వేసి చూద్దాం. 185 కిలోల బండిలో వెనక చక్రం మీద సుమారు 90 కిలోలు పడతాయి. స్టాండ్ చిన్న చక్రాల ఇరుసు నుంచి కప్పుకు అడ్డంగా 15 సెంటీమీటర్లు, హ్యాండిల్‌కు 60 సెంటీమీటర్లు ఉందనుకుంటే ఎత్తడానికి హ్యాండిల్ మీద 22, 23 కిలోల బలం చాలు. హ్యాండిల్ ఎంత పొడవైతే అంత తేలిక. అది కూడా కిందికి నొక్కే బలం, అంటే మీ ఒంటి బరువు చేసే పని. నడుముకు ప్రమాదం ఎత్తేటప్పుడు లేదు, దించేటప్పుడు ఉంది. నేలకు ఆనుకున్న హ్యాండిల్‌ను అందుకోవడానికి వంగి, మొదట కాస్త పైకి లాగాలి. ఆ తర్వాత బండి బరువే హ్యాండిల్‌ను పైకి ఎగదోస్తుంది, దాన్ని ఆపి పట్టుకోవాలి. వంగిన నడుముతో ఈ రెండు పనులూ ఒకేసారి చేయడమే డిస్క్ ఉన్నవాళ్లకు చేటు. మోకాళ్లు వంచి, నడుము నిటారుగా ఉంచి అందుకోవాలి. మీ డాక్టరుతో "ఎత్తకూడదా" అని మాత్రమే అడగకండి. "ఒంటి బరువుతో పాతిక కిలోలు నొక్కవచ్చా, అంతే బలాన్ని మోకాళ్ల మీద కూర్చుని ఆపవచ్చా" అని అడగండి. కుదరదంటే ఈ భాగం మీ కూతురు చేయాలి, మీరు బండి పట్టుకోవాలి. అది కూడా మంచి పద్ధతే.

ఇద్దరుంటే ఎలా చేయాలో చెబుతాను. బండిని సైడ్ స్టాండ్ మీద, గేరులో, హ్యాండిల్ నిటారుగా ఉంచండి. ముందు బ్రేక్ లివర్ కట్టేయండి. మీరు బండికి ఎడమపక్క, సీటు దగ్గర నిలబడి ఎడమ చెయ్యి బండి హ్యాండిల్ మీద, కుడి చెయ్యి సీటు వెనక పట్టుకునే గ్రాబ్ రెయిల్ మీద వేసి బండిని నిటారుగా తెచ్చి పట్టుకోండి. సైడ్ స్టాండ్ మడవకండి, అది చాచే ఉండాలి. ఆమె వెనక కూర్చుని కప్పులు రెండూ స్పూల్స్ కింద ఆనేలా చూసి, రెండూ తగిలాయని పైకి చెప్పి, అప్పుడు నెమ్మదిగా స్టాండ్ హ్యాండిల్ నొక్కాలి. బ్రేక్ కట్టి ఉన్నా పరవాలేదు, స్టాండ్ కింది చిన్న చక్రాలు దొర్లి సర్దుకుంటాయి. హ్యాండిల్ నేలకు ఆనాక సీటు వెనక భాగాన్ని అటూ ఇటూ మెల్లగా కదిపి చూడండి. స్పూల్ గాడిలో కప్పు కూర్చుందా లేదా అన్నది అప్పుడే తెలుస్తుంది.

దించేటప్పుడు వరస ఇది: సైడ్ స్టాండ్ చాచి ఉందని చేత్తో ముట్టుకుని చూడటం, మీరు ఎడమపక్క పట్టుకోవడం, బండిని కొంచెం, ఒక్క వేలెడు, మీ వైపుకు వాల్చి ఉంచడం, ఆమె స్టాండ్ హ్యాండిల్ లేపడం. టైరు నేలకు తగలగానే బండి మీవైపుకే వస్తుంది, సైడ్ స్టాండ్ మీద కూర్చుంటుంది. కుడికి పోయే అవకాశమే ఇవ్వడం లేదన్నమాట. ఆమె కుడిపక్క నిలబడకూడదు, వెనక, హ్యాండిల్ చివరకు కాస్త ఎడంగా ఉండాలి. చెయ్యి జారితే హ్యాండిల్ పైకి ఎగిరే దారిలో ముఖం ఉండకూడదు. బండి పడిపోతుంటే పట్టుకోవద్దని, వదిలేసి వెనక్కి జరగమని మొదటిరోజే చెప్పండి. లివర్లు, ఇండికేటర్లు మళ్లీ వేసుకోవచ్చు.

ఒక్కరే చేయాల్సి వస్తే బండి సైడ్ స్టాండ్ మీద ఉండగానే ఎడమ కప్పును ఎడమ స్పూల్‌కు ఆనించి, ఎడమ చేత్తో గ్రాబ్ రెయిల్ లాగి బండిని నిలబెడుతూ కుడి కప్పు తగిలాక నొక్కాలి. చాలామంది రోజూ చేస్తారు. కానీ బండి ఒకసారి పడిన తర్వాత, నడుము ఈ స్థితిలో ఉండగా, ఒంటరిగా చేయవద్దనే నా అభిప్రాయం.

రెండో దారి సెంటర్ స్టాండ్. మీ బండికి కంపెనీ సెంటర్ స్టాండ్ కిట్ ఉందేమో, ఫ్రేముకు దాని కొక్కేలు ముందే ఉన్నాయేమో కనుక్కోండి. ఉంటే మీ నడుముకు ఇంతకన్నా మంచిది లేదు. అది బలంతో ఎత్తే పని కాదు. స్టాండ్ రెండు కాళ్లూ నేలకు సమంగా ఆనాక కుడిపాదంతో స్టాండ్ కొమ్మ మీద ఒళ్లంతా నిలబడితే బండి దానంతటదే వెనక్కి లేస్తుంది. చేతులు బండిని దారిలో పెట్టడానికే. ఇంకా తేలిక కావాలంటే ముందుగా వెనక టైరును 18, 20 మిల్లీమీటర్ల మందం ప్లైవుడ్ ముక్క మీదికి ఎక్కించండి, ఆ మేరకు లేపాల్సిన ఎత్తు తగ్గుతుంది. కొక్కేలు లేని ఫ్రేముకు వెల్డింగు చేయించి పెట్టించే ఆలోచన మాత్రం వద్దు. ఆ వేడికి అక్కడి లోహం బలం మారుతుంది, వంకర పోయినా కంటికి కనబడదు.

సెంటర్ స్టాండ్‌తో చిక్కు ఒకటుంది, దీనివల్ల చైన్లు పాడవుతుంటాయి. ఆ స్టాండ్ మీద వెనక చక్రం గాల్లో వేలాడుతుంది, స్వింగార్మ్ పూర్తిగా కిందికి దిగుతుంది. అప్పుడు కొలిచిన చైన్ వదులు, బండి నేల మీద ఉన్నప్పటి వదులుతో సమానం కాదు. ముందు స్ప్రాకెట్, స్వింగార్మ్ ఇరుసు, చక్రం ఇరుసు మూడూ ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైన్ అత్యంత బిగువుగా ఉంటుంది. గాల్లో ఉండగా బాగుందని బిగిస్తే ఇద్దరెక్కిన బండి గుంతలో దిగేసరికి చైన్ తీగలా బిగుసుకుని, గేర్‌బాక్స్ బయటి బేరింగును లాగేస్తుంది. మాన్యువల్లో 25 నుంచి 35 మిల్లీమీటర్లు అని రాసి ఉంటే ఏ స్థితిలో కొలవమన్నారో, సైడ్ స్టాండ్ మీదా ఇంకోలాగానా, ఆ వాక్యం కూడా చదవండి. పాడక్ స్టాండ్ స్వింగార్మ్‌నే పట్టుకుంటుంది కాబట్టి అక్కడ షాక్ అబ్జార్బర్ మీద బండి బరువు ఉంటుంది, కొలత నేల మీదికి దగ్గరగానే వస్తుంది.

సిజర్ జాకీ గురించి ఎక్కువ చెప్పను. ఇంజిన్ కింద రెండు ఫ్రేము గొట్టాలు సమాంతరంగా, బయటికి కనబడేలా ఉన్న బళ్లకు అది బాగుంటుంది. మీ బండిలో సైలెన్సర్ గొట్టం ఇంజిన్ కిందినుంచే వెళ్తుందని రాశారు. అయితే జాకీ ఆనేది గొట్టానికో, ఆయిల్ చాంబర్‌కో, ఆయిల్ నట్టుకో. గొట్టం సొట్టపోతుంది, చాంబర్ పలుచటి అల్యూమినియం కాబట్టి పగలొచ్చు. పైగా జాకీ పీట ఇరుకు, పక్కకు తోస్తే ఆగదు, పైనుంచి బెల్టులు కట్టకుండా వాడకూడదు. ముందు ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు గొట్టాలు) విప్పేటప్పుడు, వెనక పాడక్ స్టాండ్ ఉండగా, ముందు భాగానికి అదనపు దన్నుగా పెట్టుకుంటారు. మీ జాబితాలో ఆ పని లేదు.

మీ బావమరిది చెప్పిన టేబుల్ లిఫ్ట్‌లో నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయను. పని నడుము ఎత్తుకు వస్తుంది, వంగాల్సిన అవసరమే పోతుంది. డిస్క్ ఉన్నవాళ్లకు అంతకన్నా సుఖం లేదు. అయితే మీ చోటు కొలతలు తీయండి. టేబుల్ పొడవు రెండు మీటర్లకు పైనే, వెనక ర్యాంపు మరో అర మీటరు, బండిని ఎక్కించడానికి వెనక ఇంకో బండంత ఖాళీ. 60 సెంటీమీటర్ల వెడల్పు బల్లకు అటూ ఇటూ మీకు మిగిలేది 45 సెంటీమీటర్లు, కూర్చోవడానికి చోటుండదు. బల్ల బరువే వంద కిలోలు దాటుతుంది, పని అయ్యాక పక్కకు జరిపేది కాదు. వాలు నేల మీద పెడితే ఆ వాలు 75 సెంటీమీటర్ల ఎత్తున కూడా ఉంటుంది. అక్కడినుంచి బండి పడితే లివర్‌తో పోదు. ఎప్పటికైనా సమతలమైన షెడ్డు దొరికితే, వారానికోసారి పెద్ద పనులు చేసేటట్లయితే అప్పుడు కొనండి. కొన్నరోజున ముందు చక్రాన్ని బిగించే చోక్, నాలుగు మూలలా రాట్చెట్ బెల్టులు, వెనక చక్రం కిందికి తీయడానికి విడివడే పలక ఉన్నది చూడండి. పైకెత్తాక ఉక్కు పిన్ను దూర్చకుండా దాని కింద చెయ్యి పెట్టకూడదు, హైడ్రాలిక్ సీలు కారితే బల్ల మెల్లగా దిగిపోతుంది.

ఏ స్టాండ్ తీసుకున్నా ఇరుసు నట్టు విషయంలో ఒక నియమం మారదు. వెనక ఇరుసు నట్టు బండిని బట్టి 60 నుంచి 110 న్యూటన్ మీటర్ల వరకు బిగించి ఉంటుంది. స్టాండ్ మీద ఎత్తి ఉన్న బండిలో దాన్ని పొడవాటి పానాతో తంతే ఆ కుదుపు స్టాండ్ మీద పడుతుంది, బండి ముందుకు దూకి కప్పుల్లోంచి బయటికొచ్చేస్తుంది. బండి నేల మీద, గేరులో ఉండగానే నట్టును ఒక పావు చుట్టు వదులు చేసి, ఆ తర్వాత ఎత్తండి. తిరిగి వేసేటప్పుడు స్టాండ్ మీద చేతి బిగువుతో ఆపి, దించాక టార్క్ రెంచ్‌తో (చెప్పిన కొలత మేరకే బిగించే పానా) ముగించండి. ముగించిన వెంటనే చైన్ వదులు మళ్లీ కొలవండి, ఆఖరి బిగింపులో ఇరుసు కాస్త జరుగుతుంది.

నేల గురించి. టైల్స్ మీద స్టాండ్ చిన్న చక్రాలు సూదిలా గుచ్చుకుంటాయి, టైలు పగులుతుంది, లేదా స్టాండే జారుతుంది. వెనక టైరూ స్టాండూ రెండూ పట్టేంత 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక, దాని కింద రబ్బరు చాప వేయండి. టైరు నేల మీద, స్టాండ్ ఒక్కటే పలక మీద ఉంటే ఎత్తు తేడా వచ్చి కప్పులు స్పూల్స్ కిందికి సరిగా వెళ్లవు. బండి ముందు భాగం ఎత్తైన వైపు, వెనక భాగం గేటు వైపు ఉండేలా తిప్పి పెట్టండి. ముందుకు దొర్లిన బండే స్టాండ్ దిగిపోతుంది, వెనక్కి లాగే వాలు దాన్ని కప్పుల్లోనే కూర్చోబెడుతుంది. గోళీ పక్కవాటుకు దొర్లితే మాత్రం ఆ చోట ఎత్తే పని పెట్టుకోవద్దు.

మానేయాలా అని అడిగారు. పూర్తిగా మానేస్తే మీ నడుముకు, ఇంట్లో శాంతికి మంచిదే. కానీ చైన్‌ను 500 నుంచి 1000 కిలోమీటర్లకోసారి, వానలో నడిపితే ఇంకా ముందే చూడాలి. సర్వీసింగ్ తేదీలు అంత దగ్గరగా రావు. ఆ మధ్యలో ఎండిన చైన్ స్ప్రాకెట్లను కూడా తినేస్తుంది. మధ్యే మార్గం ఉంది: చైన్, ఆయిల్, ప్యాడ్లు మీరు చేసుకోండి, చక్రం విప్పడం మెకానిక్‌కు వదిలేయండి. అప్పుడు మీకు కావాల్సింది రోలర్లు, ఒక పొట్టి స్టూలు మాత్రమే. పాడక్ స్టాండ్ ఇంట్లోంచి వెళ్లిపోతుంది, మీ భార్య అడిగింది కూడా అదే. మీ ఉత్తరం చదివాక నేను మొగ్గేది ఈ దారికే. చక్రం కూడా మీరే విప్పాలన్న కోరిక బలంగా ఉంటే స్పూల్స్ వేయించుకుని, ఇద్దరుంటేనే ఎత్తుతానని, నడుము నొప్పి ఉన్నరోజు ముట్టనని ఆమెకు మాటివ్వండి. ఆమె భయపడింది స్టాండ్‌ను చూసి కాదు, మీరు ఒంటరిగా బండి కింద పడి ఉంటే ఎవరికీ తెలియదేమోనని. ఆ భయానికి జవాబు లేకుండా ఎంత గట్టి స్టాండ్ తెచ్చినా ఆమెకు ఒకటే.

అమ్మాయిని తప్పకుండా రానివ్వండి. ఆమెకు స్కూటర్ ఉందని రాశారు కదా, దానితోనే మొదలుపెట్టండి. స్కూటర్ సెంటర్ స్టాండ్ వేయడం, తీయడం, పాదంతో ఒంటి బరువు ఎలా వేయాలో అక్కడే వస్తుంది. చాలా స్కూటర్లలో ఆ స్టాండ్ ఇంజిన్‌కే బిగించి ఉంటుందని, కాబట్టి ఇంజిన్ దింపే పనిలో అది ఆసరా కాదని కూడా చూపించండి. చెప్పులతో కాకుండా వేళ్లు కప్పే బూట్లతో రావాలి, చున్నీ, జుట్టు ముడిచి ఉండాలి. రెండు మూడుసార్లు ఖాళీ స్టాండ్‌తో, బండి లేకుండా, హ్యాండిల్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆమె చేతికి అలవాటు కానివ్వండి.

వీటన్నిటికన్నా ముందు ఒక పని ఉంది. బండి పడ్డాక లివర్, ఫుట్‌పెగ్ మార్చానని, ఇప్పుడు తిన్నగా నడిపేటప్పుడు హ్యాండిల్ కాస్త ఎడమకు తిరిగినట్టు అనిపిస్తోందని చివర్లో ఒక్క వాక్యం రాశారు. అలా అనిపిస్తే ఫోర్కులు వాటిని బిగించి పట్టుకునే క్లాంపుల్లో మెలి తిరిగి ఉండొచ్చు, లేదా హ్యాండిలే వంగి ఉండొచ్చు. బండి ముందు రెండు మీటర్ల దూరంలో కూర్చుని, ముందు చక్రం వెనక చక్రంతో ఒకే గీతలో ఉండేలా పెట్టించి, హ్యాండిల్ రెండు చివరలు చక్రానికి సమాన దూరంలో ఉన్నాయో లేదో చూడండి. తేడా ఉంటే ఇరుసు, క్లాంపు బోల్టులు వదులు చేసి సరిదిద్ది మళ్లీ కొలత ప్రకారం బిగించాలి. ఆ పని మెకానిక్ చేతిలో పెట్టండి. అది అయ్యేదాకా బండిని వేగంగా నడపవద్దు, ఏ స్టాండ్ మీదికీ ఎక్కించవద్దు.